సూరత్ నుంచి షార్జా దాకా – 1994 నాటి ప్రయాణ సూచనలు

మన సంఘం వార్షిక సంచికకు ఈసారి యుద్ధం కథలు, బార్డర్ కథలు కాకుండా మనం ఉంటున్న ఈ సూరత్ గురించి ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు ఫోను చేసి అడిగారు. నేను చదివింది ఇంటర్మీడియెట్. ఆ తర్వాత చదివిందంతా సిగ్నల్స్‌లో మోర్స్ కోడు, మెసేజ్ ఫారాలు. చరిత్ర రాసేంత వాణ్ణి కాను. కాని ఇరవై ఎనిమిదేళ్ళు ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి గనుక, ఒక ఆపద వచ్చినప్పుడు ప్రభుత్వం చెప్పే మాట ఎవరికి చేరుతుంది, ఎవరికి చేరదు అనే విషయం మీద నాకు కొంత పట్టింపు ఉంది. అందుకని 1994 సెప్టెంబరు నెలలో ఈ ఊళ్ళో జరిగిన దాని గురించి రాస్తున్నాను. అప్పట్లో నేను సూరత్‌లో లేను. పంజాబ్‌లో ఒక సిగ్నల్ రెజిమెంటులో సిపాయిని. కాని మా ఇంటి మనుషులు ఇక్కడ ఉన్నారు. ఇంకొక మనిషి షార్జాలో ఉన్నాడు. వాళ్ళ ద్వారానే ఈ చరిత్ర నాకు తెలిసింది.

ఈ రోజుల్లో ఏ దేశంలోనైనా భూకంపమో వరదో వస్తే, ప్రతి ప్రభుత్వం తన పౌరులకు "అక్కడికి పోకండి, అక్కడ ఉన్నవాళ్ళు ఫలానా చోట పేరు రాయించుకోండి" అని ఒక ప్రకటన ఇస్తుంది. దాన్ని ట్రావెల్ అడ్వైజరీ అంటున్నాం. ఇది కొత్తగా వచ్చిన పద్ధతి అనుకుంటాం గాని సూరత్ వాళ్ళకు కొత్త కాదు. మొగలాయిల కాలంలో హిందూస్థాన్ మొత్తం నుంచి మక్కా యాత్రకు పోయేవాళ్ళు ఓడ ఎక్కింది ఈ ఊళ్ళోనే. అందుకే సూరత్‌కు బాబుల్ మక్కా, అంటే మక్కా వాకిలి అని పేరు. ఓడలు గాలివాటం చూసుకుని బయలుదేరాలి గనుక యాత్రికులు ఇక్కడ వారాల తరబడి ఆగేవారు. వాళ్ళ కోసం షాజహాన్ కాలంలో, 1644లో ఒక సరాయి కట్టారు. మొగల్ సరాయి అంటారు. ఇంటి పన్ను కట్టడానికి మనం ముగలీసరా పోతాం చూడండి, ఆ మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసే అది. ఆ గోడల మధ్య మూడు వందల డెబ్భై ఏళ్ళ కిందట "ఇప్పుడు పోవచ్చా, ఆగాలా" అని ఎదురుచూసిన జనం ఉన్నారు.

ఆగమని చెప్పే కారణాలు అప్పుడూ తక్కువేమీ కాదు. సముద్రంలో పోర్చుగీసు వాళ్ళు తమ దగ్గర పాసు తీసుకోని ఓడను పట్టుకునేవారు. 1613లో ఏకంగా జహంగీరు తల్లి గారి ఓడ రహీమీనే పట్టుకుపోయారు. ఇక రోగాలు సరేసరి. 1689లో సూరత్‌కు వచ్చిన ఓవింగ్టన్ అనే ఇంగ్లీషు పాదిరి ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి ప్లేగు ఉన్న సంగతి రాసిపెట్టాడు. తర్వాత 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. యూరపు దేశాలు భయపడి వెనిస్ నగరంలో సమావేశం పెట్టుకున్నాయి. వాళ్ళ ఒత్తిడికి 1897లో బ్రిటిషు ప్రభుత్వం బొంబాయి నుంచి హజ్ ఓడల్ని ఆపేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అంటురోగాల చట్టం కూడా చేసింది. మొన్న 2020లో కరోనాకు వాడింది కూడా ఆ చట్టమే.

ఇక 1994 సంగతికి వస్తాను. దాని మూలం సూరత్‌లో లేదు, మహారాష్ట్రలో ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో భూకంపం వచ్చింది. దాదాపు పదివేల మంది పోయారు. మన సైన్యం వెళ్ళి శవాలు తీసిన సంగతి ఈ సంచిక చదివే వాళ్ళలో కొందరు కళ్ళారా చూసినవాళ్ళే. ఆ దెబ్బకు పక్కనున్న బీడ్ జిల్లా పల్లెల్లో కూడా జనం ఇళ్ళలో పడుకోవడానికి భయపడ్డారు. వదిలేసిన ఇళ్ళలో ధాన్యం ఉండిపోయింది. ధాన్యం ఉన్నచోట ఎలుకలు పెరుగుతాయి. ఏడాది తిరగక ముందే, 1994 ఆగస్టు చివర, బీడ్ జిల్లా మామ్లా అనే పల్లెలో గజ్జల్లో గడ్డలు కట్టే ప్లేగు కనబడింది. భూకంపానికీ ప్లేగుకూ లంకె ఇట్లా వేశారు పెద్దలు.

సూరత్‌లో ఆ వానాకాలంలో తాపీ నదికి వరద వచ్చింది. ఉకాయి డ్యాం నీళ్ళు వదిలారు. వేడ్ రోడ్డు, కతార్‌గాం వైపు లోతట్టు బస్తీలు మునిగాయి. నీళ్ళు తీశాక చచ్చిన పశువులు, బురద, చెత్త అట్లాగే ఉండిపోయాయి. ఆ రోజుల్లోనే వినాయక నిమజ్జనం. మనవాళ్ళూ మరాఠీ వాళ్ళూ వేలల్లో రోడ్డు మీదికి వచ్చారు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులకే ఊపిరితిత్తులకు పట్టిన జ్వరంతో జనం చనిపోవడం మొదలైంది. సెప్టెంబరు 22, గురువారం నాటికి "సూరత్‌లో ప్లేగు" అన్న మాట ఊరంతా పాకింది.

మా అక్క, బావ అప్పుడు లింబాయత్‌లో ఉండేవాళ్ళు. మాది అప్పటి కరీంనగర్ జిల్లాలో సిరిసిల్ల దగ్గర ఒక ఊరు. మా దిక్కు పద్మశాలీల్లో మగ్గం మీద బతుకు సాగనివాళ్ళు భీవండికో సూరత్‌కో పోయి సాంచెలు నడిపేవాళ్ళు. బావ ఉధనాలో ఒక కార్ఖానాలో రాత్రి పాళీ సాంచెలు నడిపేవాడు. ఆ రాత్రి సంగతి ఆయన చెప్పినట్టే రాస్తాను. "పన్నెండు గంటలకు మాస్టరు వచ్చి సాంచెలు బందు పెట్టమన్నడు. ఎందుకు అంటే నీళ్ళల్ల విషం కలిసిందట అన్నడు ఒకడు. కాదు రోగం అన్నడు ఇంకొకడు. ఇంటికొచ్చి చూస్తే గల్లీ సగం ఖాళీ. ఎవ్వరు పొమ్మన్నరో తెల్వది, అందరు పోతున్నరు."

"ఎవ్వరు పొమ్మన్నరో తెల్వది" అన్న ఈ మాటే నా వ్యాసానికి అసలు విషయం. 1991 లెక్కల ప్రకారం సూరత్ జనాభా పదిహేను లక్షలు. అందులో లక్షల మంది మూడు నాలుగు రోజుల్లో ఊరు విడిచారు. ఇంత పెద్ద కదలికకు వెనుక ఒక్క ప్రభుత్వ సూచన లేదు. ఉండమని చెప్పినవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళు లేరు. ప్రైవేటు డాక్టర్లే చాలామంది దవాఖానాలకు తాళాలు వేసి పోయారు. అది చూసిన కూలీవాడు ఎందుకు ఆగుతాడు? టెట్రాసైక్లిన్ గోళీలు షాపుల్లో అయిపోయాయి. న్యూ సివిల్ హాస్పిటల్ డాక్టర్లు, నర్సులు మాత్రం నిలబడి పనిచేశారు, ఆ మాట చెప్పుకోవాలి. రోగులు పారిపోతుంటే కాపలాకు ర్యాపిడ్ యాక్షన్ ఫోర్సును పెట్టవలసి వచ్చింది.

అక్కా బావా ఇద్దరు పిల్లల్ని తీసుకుని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి వచ్చారు. బల్లార్షా దాటేదాకా పిల్లల్ని కింద దించలేదట. ఇరవై ఐదో తారీఖు, ఆదివారం సాయంత్రం ఊరు చేరారు. అప్పటికే ఊరికి వార్త వాళ్ళకన్నా ముందు చేరింది. పెద్దమనుషులు ఎదురువచ్చి ఊళ్ళోకి రావద్దన్నారు. బడి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది, అందులో ఉండమన్నారు. నర్సమ్మ వచ్చి గోళీలు ఇచ్చిపోయింది. అవ్వ బువ్వ వండి గిన్నె దూరంగా పెట్టి వచ్చేది. ఎన్ని రోజులు ఉండాలె అని బావ అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆ ఊరి వాళ్ళను తప్పు పట్టడం కాదు. వాళ్ళకూ ఎవరూ చెప్పలేదు.

ఇటు దేశం బయట ఏం జరుగుతున్నదో చూడండి. అక్కడ మాత్రం సూచనలకు కొదవ లేదు. అరబ్బు దేశాలు ఒకదాని వెనక ఒకటి ఇండియా విమానాల్ని ఆపేశాయి. మన దగ్గరి నుంచి వచ్చే సరుకుల మీద కూడా ఆంక్షలు పెట్టాయి. యూరపు విమానాశ్రయాల్లో మన ప్రయాణికుల్ని పక్కకు తీసి పరీక్షించారు. అమెరికా వాళ్ళు విమానాలు ఆపలేదు. దిగిన ప్రతివానికి ఒక కాగితం ఇచ్చి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించుకోమని చెప్పారు. వాళ్ళు అనుమానించి పరీక్షించింది మొత్తం పదమూడు మందిని, ప్లేగు ఒక్కరికీ లేదు. విమానాలు ఆపమని గాని వ్యాపారం ఆపమని గాని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనలేదు. కాని దాని మాట విన్నవాళ్ళు తక్కువ. ప్రధానమంత్రి అప్పుడు మన కరీంనగర్ జిల్లా వంగర గ్రామం పి.వి. నరసింహారావు గారు. పరదేశాల్ని నమ్మించడానికి ఆయన ప్రభుత్వం చాలా తిప్పలు పడింది. చివరికి ఎగుమతులూ టూరిజమూ కలిపి దేశానికి నష్టం వంద కోట్ల డాలర్లకు పైమాటే అని లెక్క వేశారు. చనిపోయింది మాత్రం దేశం మొత్తం మీద 54 మంది. అనుమానంతో లెక్కకు ఎక్కినవాళ్ళు 876 మంది. మామూలు రోజుల్లో మలేరియాకూ క్షయకూ పోయేవాళ్ళ ముందు ఈ లెక్క ఎంత?

మా అన్న షార్జాలో ఒక కంపెనీలో సెంట్రింగ్ మేస్త్రీ. పోయి మూడేళ్ళయింది. బాపుకు దమ్ము పాత రోగం. ఏటా చలి మొదలయితే దగ్గు ఎక్కువ. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఎక్కువైంది. నాకు టెలిగ్రాం వచ్చింది, "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." సైన్యంలో ఈ టెలిగ్రాం కథ మీ అందరికీ తెలిసిందే. దసరా దగ్గరపడ్డదంటే సగం రెజిమెంటు నాయనలు సీరియస్ అవుతారు. మా సుబేదార్ మేజర్ సాబ్ కాగితం చేతిలో పట్టుకుని నా మొహం చూశారు, ఏమీ అడగలేదు, పది రోజుల కాజువల్ లీవు మీద సంతకం పెట్టించారు. ఢిల్లీ స్టేషన్లో జనం ముక్కులకు గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారు. నేను పోయేసరికి బాపుకు మాట ఉంది. అన్న ఎప్పుడు వస్తడు అని అడిగాడు. వస్తున్నడు అన్నాను.

నిజంగానే అన్న టికెట్ తీసుకున్నాడు. మండలంలో ఎస్.టి.డి. బూతు నుంచి ఫోను చేస్తే, వాళ్ళ క్యాంపు పక్క కిరాణా షాపులో ఎత్తి పిలిచేవారు. మొదటిసారి చేసినప్పుడు "రేపు బొంబాయి విమానం" అన్నాడు. రెండోసారి చేస్తే "విమానం పోలేదు, ఎప్పుడు పోతదో చెప్తలేరు" అన్నాడు. బాపు పెత్రమాసకు రెండు రోజుల ముందు, సోమవారం పొద్దున పోయాడు. మూడోసారి ఫోను చేసింది నేనే. అన్న కాసేపు ఏమీ అనలేదు. నిమిషానికి ఇంత అని మీటరు తిరుగుతున్నది, నేను ఆ ఎర్ర అంకెలు చూస్తూ నిలబడ్డాను. "కానియ్యుండ్రి, ఆపకుండ్రి" అన్నాడు.

దగ్గుతో పోయిన మనిషి, అల్లుడు సూరత్ నుంచి వచ్చిన ఇల్లు. ఊళ్ళో అనుమానం పుట్టింది. అందరికీ బాపు దమ్ము సంగతి ఇరవై ఏళ్ళుగా తెలుసు, అయినా పుట్టింది. వాకిట్లోకి వచ్చినవాళ్ళు దూరంగా నిలబడ్డారు. పాడె మోయడానికి నలుగురు కావాలి. నేనొకణ్ణి, చిన్నాయన ఒకడు, చిన్నాయన కొడుకు ఒకడు. నాలుగో మనిషి రాలేదు. అప్పుడు బావ షెడ్డులోంచి బయటికి వచ్చాడు. పెద్దమనిషి ఒకాయన "నువ్వు రావద్దంటిమి గద" అన్నాడు. బావ జవాబు చెప్పకుండా వచ్చి భుజం పెట్టాడు. పెద్ద కొడుకు పెట్టవలసిన నిప్పు నేను పెట్టాను.

లీవు అయిపోయి యూనిట్‌కు పోగానే మా ఆర్.ఎం.ఓ. సాబ్ నన్ను పిలిపించి, సూరత్ నుంచి వచ్చిన మనిషితో కలిసి ఉన్నావా అని అడిగారు. ఉన్నాను అన్నాను. ఎం.ఐ. రూమ్ వెనక ఒక టెంటులో ఆరు రోజులు ఉంచారు. ఉంచేముందు కూర్చోబెట్టి చెప్పారు. ప్లేగు అంటుకుంటే ఆరు రోజుల లోపల బయటపడాలి, ఏడో రోజు మనిషి బాగున్నాడంటే రోగం లేనట్టే, అంతర్జాతీయ నియమాల్లో కూడా ఈ ఆరు రోజులే రాసి ఉంది అని. ఆ మాట విని నేను టెంటులో కూర్చుని వేళ్ళ మీద లెక్క వేశాను. బావ సూరత్ విడిచింది ఇరవై నాలుగున. బాపు పోయింది మూడో తారీఖున. అంటే బావ పాడె పట్టే నాటికి తొమ్మిది రోజులయింది. అప్పటికి మూడు రోజుల ముందే ఆ షెడ్డు తలుపు తీయవలసింది. మా ఊళ్ళో ఆ ఒక్క అంకె తెలిసిన మనిషి లేకపోయాడు. షార్జా విమానాశ్రయంలో తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు, కాని వాళ్ళు మూడేళ్ళుగా ఇండియా మొహం చూడని మా అన్నను ఇటు రాకుండా ఎందుకు ఆపినట్టు? వచ్చేవాళ్ళను ఆపితే అర్థం ఉంది. విమానమే ఆగిపోతే పోయేవాడూ ఆగిపోతాడు, అంతే. ఆ సంగతి ఆలోచించి ఎవరూ సూచన రాయరు.

అసలు అది ప్లేగేనా కాదా అని తర్వాత చాలా రోజులు వాదన నడిచింది. దాన్ని తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం ఒక నిపుణుల కమిటీ వేసింది. దానికి అధ్యక్షులు ప్రొఫెసర్ వులిమిరి రామలింగస్వామి గారు. మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, వైద్య పరిశోధనా మండలికి అధిపతిగా పనిచేసిన పెద్దమనిషి. ఆ కమిటీ 1995లో అది ప్లేగేనని తేల్చి చెప్పింది. అయితే రోగం చిన్నది, భయం పెద్దది.

సూరత్‌కు మాత్రం ఆ భయమే మేలు చేసింది. 1995లో ఎస్.ఆర్. రావు గారు మున్సిపల్ కమిషనరుగా వచ్చారు. పేరు వినగానే లింబాయత్ తెలుగువాళ్ళంతా "మనాయనే" అని చెప్పుకునేవారట. ఏ.సి. నుంచి డి.సి. అని ఒక పద్ధతి పెట్టి, చల్లని గదుల్లో కూర్చునే ఆఫీసర్లందరినీ పొద్దున్నే గల్లీల్లోకి, డైలీ చోర్స్ అంటే రోజువారీ పనుల మీదికి పంపాడు. ఊరిని జోన్లుగా విడగొట్టి ఎక్కడి అధికారం అక్కడే ఇచ్చాడు. పెద్ద హోటళ్ళకు, బలమున్న వాళ్ళకు కూడా జరిమానాలు వేశాడు. రెండేళ్ళు తిరగక ముందే, ఒకప్పుడు మురికికి పేరుపడ్డ ఊరు చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరం అనిపించుకున్నది. బావ 1995 సంక్రాంతి తర్వాత తిరిగి వచ్చి అదే కార్ఖానాలో చేరాడు. ఇప్పుడు మనం చూసే సూరత్ అప్పుడు తయారైందే. అయితే నీళ్ళ సంగతి తేలలేదు. 2006 ఆగస్టులో ఉకాయి నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా వదిలితే మూడు వంతుల ఊరు మునిగింది. అప్పుడూ హెచ్చరిక సరిగ్గా అందలేదని జనం ఈనాటికీ అంటారు.

నియమాలు కూడా మారాయి. 1994లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 1969 నాటివి. ప్లేగు, కలరా, పచ్చజ్వరం, ఈ మూడింటికే అవి. రోగం కనబడితే ఇరవై నాలుగు గంటల్లో చెప్పాలి, మిగతా దేశాలు హద్దు మీరి ఆంక్షలు పెట్టరాదు అని అందులో ఉంది. సూరత్ చూపించింది ఏమిటంటే, నిజం చెప్పిన దేశానికే శిక్ష పడుతుందని. అట్లయితే రేపు ఇంకెవరు చెప్తారు? 2003లో సార్స్ రోగం వచ్చాక కొత్త నిబంధనలు 2005లో తయారై 2007 జూన్ నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రయాణాల మీద ఎంత ఆంక్ష పెట్టాలో, ఎందుకు పెట్టారో కారణం చూపాలని వాటిలో ఉంది. కారణం చూపడం కాగితం మీది మాట, 2020లో ఏ దేశం ఎంత చూపిందో మనకు తెలుసు.

మంచి ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. ఆ రోజు సాయంత్రానికే మన వైమానిక దళం విమానాలు కాఠ్‌మండూ చేరాయి. ఆపరేషన్ మైత్రి అంటే మన అందరికీ గర్వం. విదేశాంగ శాఖ కంట్రోల్ రూము తెరిచింది. అక్కడ చిక్కుకున్న ఇతర దేశాల వాళ్ళకు కూడా మన దేశంలోకి రావడానికి రుసుము లేకుండా వీసాలు ఇచ్చారు. ఢిల్లీలో ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్ వాళ్ళు మన యాత్రికుల్ని దించుకుని ఇళ్ళకు పంపారు. నేను అప్పుడు నాయబ్ సుబేదారుగా ఉత్తరప్రదేశ్‌లో పోస్టింగులో ఉన్నాను. డ్యూటీ మీద పోతూ గోరఖ్‌పూర్ స్టేషన్లో ముక్తినాథ్ యాత్రకు పోయి సునౌలీ మీదుగా బయటపడ్డ తెలుగు ముసలివాళ్ళను చూశాను. ఒకావిడ చేతిలో చిన్న కాగితం ఉంది. దాని మీద ఎవరో బార్డర్ దగ్గర బాల్ పెన్నుతో ఏ బస్సు, ఏ స్టేషను, ఏ నంబరుకు ఫోను చేయాలో తెలుగులో రాసిచ్చారట. మెసేజ్ అంటే అట్లా ఉండాలి. చదివేవాని భాషలో, ముందు ఏం చేయాలో, తర్వాత ఏం చేయాలో. నేను ముప్పై పదాల్లో మెసేజ్ రాయడం నేర్పిన కుర్రాళ్ళకు ఆ కాగితం చూపించాలనిపించింది.

నేను 2018లో సుబేదారుగా రిటైరై, అక్కా బావా ఉన్నారని ఈ ఊరు వచ్చి దిండోలీలో ఇల్లు తీసుకున్నాను. బావకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, సాంచెల చప్పుడు మహిమ. అన్న షార్జా వదిలి ఊళ్ళోనే ఉంటున్నాడు. ప్రతి పెత్రమాసకు బాపు పేరు మీద బియ్యం తానే ఇస్తాడు, మమ్మల్ని ఇయ్యనియ్యడు. ఈ వ్యాసం రాసి మొన్న రాత్రి ఫోనులో అన్నకు చదివి వినిపించాను. అంతా విని, "నేను పోయి మూడేండ్లు కాదు, రెండేండ్ల ఎనిమిది నెలలు" అని దిద్దాడు. కాసేపాగి మళ్ళీ, "ఆ టికెట్ పైసలు కంపెనీ ఒక్క దిర్హం పట్టుకోకుంట వాపసు ఇచ్చింది, అది గూడ రాయి" అన్నాడు.